గోడ లేచే ముందు

మా అనంతపురం పీఠభూమి మేఘాల కంటికి ఆనదు. ప్రాజెక్టుల కంటికి మాత్రం బాగా ఆనుతుంది. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే విమానంలో కిటికీ పక్కన కూర్చున్న అధికారికి కింద ఎర్రటి నేల, అక్కడక్కడ గుండ్లు, ఎండిన వంకలు, ఎక్కడో ఒక చెరువు కట్ట కనిపిస్తాయి. ఎంత ఖాళీ జాగా అనుకుంటాడు. తప్పేమీ లేదు, అంత ఎత్తు నుంచి ఖాళీగానే కనిపిస్తుంది. గొర్రెలు ఆనవు. వాటి వెనక నడిచే మనిషి అసలే ఆనడు.

కొత్తచెరువు సర్కిల్లో టీ తాగేటప్పుడు చెవిన పడే రాజకీయాల్లో సగం ఈ ఖాళీ జాగా చుట్టూనే తిరుగుతుంటాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా వచ్చింది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీని 2024 జనవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు. అదే పాలసముద్రంలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థకూ స్థలం ఇచ్చారు. ఎవరి సర్వే నంబరు పోయింది, ఎకరాకు ఎంత ఇచ్చారు, ఎవరి పిల్లోడికి సెక్యూరిటీ గార్డు పని దొరికింది, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు ముందు ఎవరికి, తర్వాత ఎవరికి... ఇవీ మా మాటలు. వచ్చినవాటి మీద కోపం ఉన్నవాళ్లు తక్కువే. ఇంకోటి వస్తే బాగుండు అనేవాళ్లే ఎక్కువ. కరువు ప్రాంతంలో ఆశ అంత తొందరగా ఎండిపోదు.

అయితే రేపు వచ్చేది అణు పరిశోధన కేంద్రమైతే? ఈ ప్రశ్న నేను ఊరికే ఊహించుకున్నది కాదు. మాకు పడమటగా, ఇదే పీఠభూమి మీద, అలాంటిది ఒకటి ఇప్పటికే వచ్చింది.

కళ్యాణదుర్గం దాటి ముందుకు పోతే కర్ణాటకలో చల్లకెర. జిల్లా చిత్రదుర్గం. రాష్ట్రం మారుతుంది గాని నేల మారదు. అదే ఎర్ర నేల, అదే శెనక్కాయ, అవే బోరు బాధలు. నూనె మిల్లులకు పేరుపడ్డ ఊరది. ఆ వైపు పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లనిచ్చేటప్పుడు, తెచ్చుకునేటప్పుడు మావాళ్లు సరిహద్దును ఎన్నడూ పట్టించుకోలేదు. చల్లకెర చుట్టూ కావళ్లని పిలిచే పెద్ద పెద్ద గడ్డి బయళ్లు ఉన్నాయి. మైసూరు పాలకుల కాలంలో ఫిరంగులు, సామాను బండ్లు లాగే అమృతమహల్ ఎద్దుల మేపు కోసం వదిలిన నేల అది. సైన్యానికి ఎద్దులతో పని తీరిపోయాక కూడా బయలు బయలుగానే మిగిలింది. చుట్టుపక్కల ఊళ్ల గొర్రెలకూ ఆవులకూ అదే ఆధారం. కురుబలు నేసే కంబళ్లకు ఉన్ని ఆ గొర్రెలదే. కృష్ణజింకలు తిరిగే చోటు, బట్టమేక పిట్ట కనిపించిన చోటు కూడా అదే.

2008 తర్వాతి కొద్ది ఏళ్లలో కర్ణాటక ప్రభుత్వం ఈ బయళ్లను పంచిపెట్టింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు 4,290 ఎకరాలు, భాభా అణు పరిశోధన కేంద్రానికి 1,810 ఎకరాలు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు 1,500 ఎకరాలు, ఇస్రోకు 573 ఎకరాలు. ఉళ్లార్తి కావల్‌లో భాభా కేంద్రం తలపెట్టింది యురేనియంను సుసంపన్నం చేసే పని. ప్రకృతిలో దొరికే యురేనియంలో రియాక్టరుకు పనికొచ్చే 235 రకం 0.7 శాతం మాత్రమే ఉంటుంది. ఆ శాతాన్ని పెంచే సెంట్రిఫ్యూజ్ యంత్రాలు అక్కడ పెడతారు. ఇంధనానికీ అదే విద్య, ఆయుధానికీ అదే విద్య కాబట్టి ప్రభుత్వం దాని గురించి నోరు విప్పదు. ఎవరు ఏం చేస్తున్నారో అక్కడి పల్లెలవాళ్లలో చాలామందికి కంచెలు, గోడలు లేస్తున్నప్పుడే తెలిసింది. ధర్నాలు చేశారు, గోడల దగ్గర గొడవలు పడ్డారు. బెంగళూరుకు చెందిన పర్యావరణ కార్యకర్తలు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ట్రిబ్యునల్ 2013లో నిజనిర్ధారణ కమిటీని పంపింది, 2014లో షరతులు పెట్టి ప్రాజెక్టులను ముందుకు పోనిచ్చింది.

అక్కడ మాకు చుట్టరికం ఉంది. వరసకు బావ అయ్యే ఒకాయన గొర్రెలు మేపుకుంటాడు. పక్కనే అణు కేంద్రం అంటే భయం లేదా అని అడిగితే ఆయన నావైపు వింతగా చూశాడు.

"లోపల ఏం చేస్తారో నాకెందుకు బావా. గోడ ఇంత పొడుగున కట్టినారే, గొర్లు యా దావన పోవల్ల? ఆ మాట ఒక్కటి ఎవురూ చెప్పల్యా."

ఇదే మాట ఢిల్లీలోని ఒక ఫైలులోకి ఎక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. అణు కేంద్రాల విషయంలో స్థానికుల్లో అపోహలు ఉన్నాయి, అవగాహన సదస్సులు నిర్వహించాలి అని అవుతుంది. ఆయన నోటి నుంచి రేడియేషన్ అనే మాటే రాలేదు. అయినా సదస్సు మాత్రం రేడియేషన్ గురించే జరుగుతుంది. అరటిపండులో కూడా కొంచెం రేడియోధార్మికత ఉంటుందని తెర మీద బొమ్మ వేసి చూపిస్తారు. చివర్లో టిఫిన్ పొట్లం ఇస్తారు. గొర్రెల దారి సంగతి ఆ పొట్లంలో ఉండదు.

అణుకేంద్రాల మీద జరిగే చర్చంతా శాస్త్రానికీ అజ్ఞానానికీ మధ్య పోరులా నడుస్తుంటుంది. ఒకవైపు తెలిసినవాళ్లు, మరోవైపు తెలియక జడిసేవాళ్లు. ఈ చిత్రం నాకెప్పుడూ అతకలేదు. అణువంటే మావాళ్లు జడుసుకునే రకం కాదు. ట్రాంబేలో ఇదే భాభా కేంద్రం శెనక్కాయ విత్తనాలకు ఎక్స్-రే, గామా కిరణాలు పట్టించి, పుట్టిన మార్పుల్లో పనికొచ్చేవి ఏరి, వాటిని ఒకదానితో ఒకటి సంకరం చేసి కొత్త రకాలు తయారు చేసింది. వాటిలో ట్యాగ్-24 తొంభైల మొదట్లో విడుదలై ఆంధ్ర రైతుల దాకా వచ్చింది. పొట్టి చెట్టు, తొందరగా చేతికొచ్చే పంట. దాని తాత ముత్తాతలకు ఏ కిరణాలు తగిలాయని రైతు అడగలేదు. ఎకరాకు ఎన్ని మూటలు, ఊడలు ఎట్లా దిగుతాయి, వాన వెనకబడితే తట్టుకుంటుందా అని అడిగాడు. నచ్చినవాడు మళ్లీ వేశాడు. నచ్చనివాడు కదిరి పరిశోధన కేంద్రం రకాలకు మళ్లాడు. ఏ పదునులో ఏ విత్తనం వేయాలో తేల్చుకునేది అతనే. ఆ మాట మీద అణుశాఖకు గానీ వ్యవసాయ శాఖకు గానీ హక్కు లేదు.

ఇంకో సంగతి. మా ప్రాంతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు బెంగళూరు కిద్వాయి ఆసుపత్రికి పోతారు. రేడియేషన్ చికిత్సను ఊళ్లో కరెంటు పెట్టడం అంటారు. పెద్దమ్మకు ఎన్ని కరెంట్లు అయ్యాయి, ఇంకా ఎన్ని ఉన్నాయి అని పలకరిస్తారు. కోబాల్ట్ యంత్రం కింద పడుకోబెట్టి, మనుషులందరూ బయటికొచ్చి తలుపు వేసేస్తే, లోపల ఒంటరిగా పడుకున్న ఆ పెద్దమ్మకు ఎదురయ్యేది అణుశక్తే. ఆమె భయపడదా? పడుతుంది. అయినా ఒప్పుకుంటుంది. ఎందుకంటే డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు, వెంట్రుకలు రాలతాయన్నాడు, నోరు పూస్తుందన్నాడు, కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాడు. వద్దంటే ఇంటికి పోవచ్చునన్నాడు. ఇంటికి పోయే దారి తెరిచి ఉంది కాబట్టే ఆమె మంచం మీద పడుకుంది.

హైదరాబాదులో అయితే అణుశక్తి సిటీ బస్సు స్టాపు స్థాయికి చేరింది. ఈసీఐఎల్ చౌరస్తా అని కండక్టరు అరిస్తే అందులో అణుశక్తి శాఖ దాగి ఉందని ఎవరూ ఉలిక్కిపడరు. పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఎ.ఎస్.రావు చేతుల మీదుగా 1967లో మొదలైన ఆ సంస్థ రియాక్టర్లకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలతోపాటు మన ఇళ్లలోకి టీవీలనూ పంపింది. ఆయన పేరుతో ఒక కాలనీయే వెలిసింది. ఆ పక్కనే అణు ఇంధన సముదాయం ఉంది. దేశంలోని చాలా రియాక్టర్లకు ఇంధన కడ్డీలు అక్కడే తయారవుతాయి. ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లు కొనేవాళ్లు వాస్తు అడుగుతారు, మంజీరా నీళ్లు అడుగుతారు, యురేనియం గురించి అడిగినట్టు నేను వినలేదు. ఆ ప్రాంతంలో వేలాది కుటుంబాలకు ఆ సంస్థలే అన్నం పెట్టాయి. అక్కడ అణువు గోడ అవతలి వ్యవహారం కాదు, ఒకటో తారీఖున ఇంటికొచ్చే జీతం.

ఇదంతా చెప్పి, జనం మాట ఎప్పుడూ వేదమేనని తేల్చేస్తే అది ఇంకో రకం మోసం. మా భయాలు ఎప్పుడూ ప్రమాదానికి తగ్గ కొలతలో ఉండవు. మా జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడు తరతరాలుగా ఉంది. పళ్లు గారపట్టి, ఎముకలు వంగినవాళ్లను ఎరిగే పెరిగాం. 1995–96లో సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్లిచ్చేదాకా అది రోజూ కడుపులోకి పోయిన విషమే. దానికి వ్యతిరేకంగా రోడ్డు మీద బైఠాయింపులు ఎన్ని జరిగాయి? యురేనియం సంగతీ అంతే. మా గుండ్లన్నీ గ్రానైటు జాతివి, గ్రానైటులో సహజంగానే కొంత యురేనియం ఉంటుంది. నీటి మట్టం పడిపోయేకొద్దీ బోరు లోతుకు పోతుంది, లోతు నీళ్లు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటాయి, రాతిలోది నీటిలోకి దిగుతుంది. మన పక్కనే తూర్పు కర్ణాటక పల్లెల్లో బెంగళూరు శాస్త్రవేత్తలు పరీక్షిస్తే చాలా బోర్లలో లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు దాటి యురేనియం కనిపించింది. దానికి ఏ ఫ్యాక్టరీ కారణం కాదు. ఆ నీళ్లు తాగుతూనే మనం అణు కేంద్రం వద్దు అని పలక మీద రాయగలం.

ఇందులో తమాషా ఉంది గాని మూర్ఖత్వం లేదు. 1969లో అమెరికాలో చాన్సీ స్టార్ అనే ఇంజినీరు ఒక లెక్క వేశాడు. తామే కోరి తెచ్చుకున్న ప్రమాదాన్ని, ఇతరులు నెత్తిన పెట్టిన ప్రమాదంకన్నా సుమారు వెయ్యి రెట్లు ఎక్కువైనా మనుషులు భరిస్తారని తేల్చాడు. ఆ వెయ్యి రెట్ల లెక్కతో తర్వాతివాళ్లు చాలా వాదించారు గాని అసలు సంగతి నిలిచింది. మా బోరు మేం వేయించుకున్నది. జియాలజిస్టును పిలిచాం, టెంకాయ అరచేతిలో నిలబెట్టేవాణ్ణీ పిలిచాం, అప్పు చేశాం, నీళ్లు పడితే పసుపు కుంకుమ చల్లాం. అందులో విషం ఉన్నా అది మా ఇంటి విషమే. ప్రహరీ గోడ వెనక ఉన్నది చిటికెడే అయినా ఊరివాళ్లకు అది పరాయి విషం.

భయం తప్పు, అనుమానం ఒప్పు అని తేలిన ముచ్చట ఒకటి తమిళనాడులో జరిగింది. తేని జిల్లా పొట్టిపురం దగ్గర, బోడి కొండల కింద సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం తవ్వి న్యూట్రినో పరిశోధనశాల కట్టాలని 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 1,500 కోట్లతో ఆమోదించింది. న్యూట్రినో ఎవరికీ హాని చేసే కణం కాదు. సూర్యుడి నుంచి వచ్చేవే మన గోటిమీది ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు 6,500 కోట్ల దాకా దూసుకుపోతున్నాయి, మనకు చక్కిలిగిలి కూడా కాదు. అయినా అక్కడ అణు వ్యర్థాలు దాస్తారన్నారు, డ్యాములు బీటలు వారతాయన్నారు. నాయకులు ఆ భయాన్ని ఎత్తుకుని పాదయాత్రలు చేశారు, ఎండీఎంకే నేత వైగో కోర్టుకెక్కారు. భౌతికశాస్త్రం ప్రకారం ఆ భయాల్లో చాలావాటికి కాళ్లూ చేతులూ లేవు.

మరి ప్రభుత్వం చేసిందేమిటి? కొండ లోపల రాయి పేల్చి గుహ తొలిచే పనిని మామూలు భవన నిర్మాణాల జాబితాలో వేసింది. ఆ జాబితాలో ఉన్నవాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదు. అయిదు కిలోమీటర్ల లోపలే కేరళలోని ఒక జాతీయ వనం ఉంది కదా అని హరిత ట్రిబ్యునల్ 2017లో అనుమతిని నిలిపివేసింది. 2018లో కేంద్రం ప్రత్యేక సందర్భం అంటూ మళ్లీ అదే జాబితా కింద అనుమతిచ్చింది. అపార్టుమెంటు కట్టినట్టు సొరంగం కడతామంటే లోపల ఏదో ఉందని అనుకోకుండా ఎవరుంటారు? ఏ హానీ లేని పనిని దొంగచాటు పనిలా చేసి, జనం దొంగతనమేనని అనుకుంటే వాళ్లకు సైన్సు రాదన్నారు. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఈ ప్రాజెక్టు తమకు వద్దని సుప్రీంకోర్టుకు చెప్పింది. అటు నాయకుల పబ్బం గడిచింది, ఇటు అధికారుల మొండితనం గెలవలేదు, న్యూట్రినోలు మాత్రం యథాప్రకారం పోతూనే ఉన్నాయి.

ఆ 2015 ఆమోదానికి యాభై ఏళ్ల ముందు, 1965లో, మాకు దక్షిణాన కోలారు బంగారు గనుల్లో ఇదే న్యూట్రినోను వెతికారు. నేల కింద రెండు కిలోమీటర్లకు పైగా లోతులో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, ఇంగ్లండు, జపాను వాళ్లతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ప్రపంచంలో అలాంటివి మొట్టమొదట పట్టుబడిన చోట్లలో అదొకటి. తెలుగు, తమిళ, కన్నడ కూలీలు దిగే గనిలోకే వాళ్లూ దిగారు. కొత్త గోడ లేవలేదు, ఎవరి కొండనూ తొలవలేదు. కిందికి దిగే ప్రమాదం శాస్త్రవేత్తకూ కూలీకీ ఒక్కటే. ఆ ప్రయోగానికి వ్యతిరేకంగా ఎవరూ జెండా ఎత్తలేదు. 1965లో జనానికి సైన్సు ఎక్కువ తెలిసి 2015కు మరిచిపోయారని ఎవరైనా అనగలరా?

రాజకీయం ఏం చేస్తుందో చూడాలంటే యురేనియం గనుల దాకా పోవాలి. మా ఊరి నుంచి కదిరి మీదుగా పులివెందుల చేరి, ఇంకాస్త ముందుకు పోతే వేముల మండలం తుమ్మలపల్లె. 2007 నవంబరులో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన సొంత నియోజకవర్గంలో యురేనియం గనికి, శుద్ధి కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 2012లో ఉత్పత్తి మొదలైంది. ముఖ్యమంత్రి ఊరు, ముఖ్యమంత్రి మాట. ఎదురు మాట్లాడే గొంతుకు అక్కడ చోటు తక్కువ. కొన్నేళ్లకు కె.కె.కొట్టాల, కనంపల్లె వైపు రైతులు బోరు నీళ్లు మారిపోయాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, వ్యర్థాల చెరువు నుంచే ఇది వస్తోందని చెప్పడం మొదలుపెట్టారు. యురేనియం కార్పొరేషన్ కాదంది. 2019లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. ఎవరి లెక్క సరైనదో ఊరివాళ్లు నమ్మే మూడో మనిషి కొలిచి చెప్పాలి. ఆ మూడో మనిషినే మనం ఇప్పటిదాకా తయారు చేసుకోలేదు.

అదే 2019లో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం వెతకడానికి అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అక్కడింకా తవ్వకం లేదు, వెతుకులాట మాత్రమే. ఫోన్లలో నల్లమలను కాపాడండి అనే పిలుపు పాకింది. సినిమా తారలు గొంతు కలిపారు. చెంచులు, పులులు, కృష్ణా నీళ్లు, హైదరాబాదు తాగునీళ్లు అన్నీ ఒక వరసలో నిలబడ్డాయి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. మంచిదే. నల్లమల మిగిలినందుకు సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కాని అదే యురేనియం, అదే అణుశక్తి శాఖ. ఒకచోట అడవి, పులి, రాజధాని నీళ్లు ఉన్నాయి. ఇంకోచోట అరటి రైతు, మెట్టనేల, ఎదురులేని నాయకుడు ఉన్నారు. రాయిలో యురేనియం ఎంతుందన్నది ఈ రెండు తీర్పులను నిర్ణయించలేదు. చూసేవాళ్ల కంటికి ఏది అందంగా ఆనిందో అది బతికింది. మెట్టనేల అందం ఫొటోలో పడదు.

కొవ్వాడ కథ కూడా ఇలాంటిదే. వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు మొదట గుజరాత్‌లోని మీఠీవిర్దిలో పెట్టాలనుకున్నారు. అక్కడి రైతులు గట్టిగా నిలబడ్డారు. 2016లో అవి శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలానికి మళ్లాయి. అక్కడి మత్స్యకారులూ వద్దనే అంటున్నారు. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్.శర్మ లాంటివారు లేఖల మీద లేఖలు రాశారు. గుజరాత్ వద్దన్నదాన్ని శ్రీకాకుళం ఎందుకు మోయాలనే ప్రశ్నకు భూకంప శాస్త్రంలోనో సముద్ర శాస్త్రంలోనో జవాబు వెతకనక్కరలేదు. ఎవరి మాటకు ఢిల్లీలో ఎంత బరువుందో చూస్తే చాలు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో అణు వ్యర్థాల కోసం చాలా చోట్లు పరిశీలిస్తూ ఉండి, 1987లో చట్టసభ ఒక్కసారిగా మిగతావన్నీ కొట్టేసి నెవాడాలోని యక్కా పర్వతం ఒక్కదాన్నే మిగిల్చింది. ఎడారి, జనం పలచన, చట్టసభలో పలుకుబడి లేని రాష్ట్రం. అప్పుడు హ్యారీ రీడ్ అనే నెవాడా సెనేటరు కొత్తగా ఎన్నికైనవాడు. ఇరవై ఏళ్లు గడిచాక ఆయనే సెనేట్‌లో అధికార పక్ష నాయకుడయ్యాడు, ఒబామా కాలంలో ప్రాజెక్టు ఆగిపోయింది. బలం లేనప్పుడు నెత్తిన పడింది, బలం వచ్చాక దిగిపోయింది. కొండలోని రాయి మాత్రం రెండుసార్లూ ఒకటే.

దీనికి తిరుగు కథ ఫిన్లండులో ఉంది. అక్కడి అణుశక్తి చట్టం ప్రకారం ఊరి స్థానిక మండలి వద్దంటే అక్కడితో సరి. ప్రభుత్వం గానీ పార్లమెంటు గానీ దాన్ని తోసిపుచ్చలేవు. 2000 జనవరిలో యూరాయోకి మండలి, తమ ఊరి బండ లోపల దేశం అణు వ్యర్థాలు పాతిపెట్టడానికి ఒప్పుకోవాలా వద్దా అని ఓటు వేసింది. 20 మంది అవునన్నారు, ఏడుగురు కాదన్నారు. ప్రపంచమంతా గుమ్మం ముందుకు రానివ్వని చెత్తను ఒక చిన్న ఊరు ఓటేసి రమ్మంది. అంతకు ముందే రెండు దశాబ్దాలుగా వాళ్లు రియాక్టర్ల పక్కన కాపురముంటున్నారు, పన్నుల రాబడి చూశారు. అది నిజమే. కాని వద్దనే హక్కు చేతిలో ఉన్నవాడు తొణక్కుండా వింటాడు, లెక్కలు అడుగుతాడు, బేరమాడతాడు. ఆ హక్కు లేనివాడికి అరవడం తప్ప ఇంకో దారి లేదు. అతని అరుపు విని చదువుకోనివాడు అంటాం.

మన దగ్గర ఆ హక్కు ఎవరికుంది? 2013లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత ఒడిశాలో నియమగిరి కొండ చుట్టూ 12 గ్రామసభలు కూర్చుని బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, తవ్వకం ఆగింది. అది అటవీ హక్కుల చట్టం, ఆదివాసుల సంప్రదాయ హక్కు. మా మెట్టనేల గ్రామసభకు అలాంటి బలం లేదు. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకుంటే 80 శాతం మంది సమ్మతి ఉండాలంటుంది. ప్రభుత్వం తన సొంత పనికి తీసుకుంటే ఆ లెక్క వర్తించదు. ఇక మేత బయలైతే రికార్డులో అది ప్రభుత్వానిదే, ఎవరినీ అడగక్కరలేదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో దేశ భద్రతకు, వ్యూహాత్మక అవసరాలకు సంబంధించినవి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు. 1962 నాటి అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ దశాబ్దాలపాటు సమాచారం మీద మూత పెట్టింది. కొన్ని రహస్యాలు దేశానికి అవసరమే, కాదనను. సెంట్రిఫ్యూజ్ ఎన్ని చుట్లు తిరుగుతుందో గొర్రెల కాపరికి చెప్పమని ఎవరూ అడగడం లేదు. ఏటా ఎన్ని నీళ్లు తీసుకుంటారు, ఏ వంకలోకి ఏం వదులుతారు, ఊరి బోర్లను ఎవరు కొలుస్తారు, కొలిచిన అంకెను పంచాయతీ గోడ మీద రాస్తారా, పశువులకు దారి ఎక్కడ, ఏదైనా జరిగితే ముందు ఎవరు వచ్చి చెబుతారు? ఈ ప్రశ్నలకు జవాబు చెబితే ఏ శత్రుదేశానికీ లాభం లేదు.

కాబట్టి ప్రజల దృష్టిని సరిచేయాలని బయలుదేరే పెద్దమనుషులు ముందు సర్కారు దృష్టిని సరిచేయాలి. పైనుంచి చూసినప్పుడు ఖాళీగా కనిపించిన చోట ఎవరున్నారో కిందికి దిగి చూడాలి. ఆ తర్వాత అడగాలి. నిజంగా అడగడమంటే రెండు జవాబులకూ సిద్ధపడి రావడం.

మన దేశంలో ఓటు యంత్రాలు తయారు చేసేవి రెండే సంస్థలు. ఒకటి అణుశక్తి శాఖ కింద ఉన్న ఈసీఐఎల్, రెండోది పాలసముద్రంలో స్థలం తీసుకున్న భారత్ ఎలక్ట్రానిక్స్. మన అభిప్రాయాన్ని లెక్కపెట్టే యంత్రం చేసే నేర్పు అణుశాఖ ఇంట్లోనే ఉందన్నమాట, మన అభిప్రాయం అడిగే అలవాటే లేదు. 2013 నుంచి ఆ యంత్రం మీద నోటా మీట కూడా వచ్చింది. అయితే అందరికన్నా నోటాకే ఎక్కువ ఓట్లు పడినా, తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థి గెలిచి దండ వేయించుకుంటాడు. ప్రాజెక్టుల కోసం పెట్టే ప్రజాభిప్రాయ సభలు కూడా ఇప్పుడు ఈ నోటా లాంటివే. నొక్కనిస్తారు, నమోదు చేస్తారు, పని మాత్రం ఆగదు. ఆగే అవకాశం ఉన్న మీట ఒకటి గ్రామసభ చేతికి ఇచ్చి చూడండి. మా కరువు సీమ ప్రతిదానికీ వద్దనే నొక్కుతుందని నేను అనుకోను. ఉద్యోగం, రోడ్డు, ఆసుపత్రి కావాలనుకునేవాళ్లు ఇక్కడ తక్కువేం లేరు. బహుశా యూరాయోకి లాగే బేరమాడి, లెక్కలు రాయించుకుని, సరే రమ్మంటారు. ఒకవేళ వద్దంటే, ఏ కారణంతో వద్దన్నారో వినడం కూడా పరిశోధనలో భాగమే.